దయ్యం బొమ్మకు పంపిణీదారుడెవరు?

మన సినిమా విమర్శకు ఒక పాత అలవాటు ఉన్నది. కథ ఏ వర్గం పక్షాన నిలిచింది, పాత్రలలో వాస్తవికత ఎంత, సంభాషణలు ఏ భాషలో ఉన్నాయి అని పుటలకు పుటలు రాస్తాము. ఆ బొమ్మ ఎవరి చేతుల మీదుగా హాలుకు చేరింది, చేరేలోగా దాని పేరు ఏమైంది, ముగింపు ఏమైంది అన్న ప్రశ్న రాగానే, అది వర్తకుల సంగతి అని కలం మూస్తాము. తాండూరు కందిపప్పు గురించి మాట్లాడేటప్పుడు అడ్తిదారును వదలని మనం, సినిమా దగ్గరికి వచ్చేసరికి అతణ్ణి ఎందుకు మరచిపోతామో నాకు బోధపడదు.

అనంతగిరి కొండలకు హైదరాబాదు నుంచి రెండు గంటల ప్రయాణం. అనంతపద్మనాభస్వామి గుడి, మూసీనది పుట్టుక, క్షయరోగుల పాత ఆసుపత్రి, పొద్దు వాలగానే దారి కనిపించని అడవి. చేతిలో డబ్బు లేక భయానక చిత్రం తీయదలచినవాడికి ఇంతకంటె చవకైన రంగస్థలం దొరకదు. చీకటికి అద్దె లేదు. తారలు అక్కరలేదు, ఆరు పాటలూ అక్కరలేదు. కొత్త దర్శకుడు మొదటి చిత్రానికి దయ్యాన్ని ఎన్నుకోవడానికి మౌఢ్యమెంత కారణమో పేదరికమూ అంతే కారణం. దీనిని గుర్తించకుండా దయ్యం బొమ్మ అనగానే ముఖం చిట్లించుకునే మిత్రులతో నేను ఏకీభవించలేను. అయితే కొండ దిగిన బొమ్మ తిరిగి వికారాబాదుకో తాండూరుకో వస్తుందా, నాపరాళ్ళ గనిలో, సిమెంటు కర్మాగారంలో పనిచేసేవాడు దానిని చూస్తాడా అన్నది తీసినవాడు నిర్ణయించేది కాదు.

నిర్ణయించేది ఒక పాత పటం. నిజాం పరిపాలన 1948లో అంతరించింది. సినిమా వర్తకంలో మాత్రం 'నైజాం' నేటికీ సజీవంగా ఉన్నది. 1800లో నిజాం కుంఫిణీవారికి ధారాదత్తం చేసిన జిల్లాలు ఈ వర్తకుల నోట ఈనాటికీ 'సీడెడ్' గానే ఉన్నాయి. వికారాబాదు 2016లో జిల్లా అయినా, పంపిణీదారుడి లెక్కలో అది నైజాంలో ఒక మూల. నైజాం తెలుగు చిత్రాలకు అన్నిటికంటె పెద్ద ఏరియా. అక్కడ హాళ్ళు దొరకని చిన్న బొమ్మకు తక్కిన చోట్ల దొరకడం కష్టం.

బేరం నాలుగు విధాలు. పంపిణీదారుడు ఒక్క మొత్తం ఇచ్చి హక్కు కొనుక్కోవచ్చు. వసూళ్ళు ఎట్లా ఉన్నా ఇంత ఇస్తానని కనీస హామీ పడవచ్చు. అడ్వాన్సు ఇచ్చి తరువాత సర్దుకోవచ్చు. ఏమీ పెట్టకుండా కమిషన్ మీద విడుదల చేయవచ్చు. పేరులేని దర్శకుడికి మొదటి మూడూ దొరకడం అరుదు. కమిషన్ బేరంలో హాలు ఖర్చు ముందు, డిజిటల్ ప్రదర్శన రుసుము తరువాత, పోస్టర్లు, ప్రకటనలు, ఆపైన కమిషన్, చివరకు నిర్మాత. హాలును వారపు అద్దెకు తీసుకుంటే ఖాళీ కుర్చీల నష్టమంతా నిర్మాతది. వసూలులో వాటా పద్ధతి అయితే నష్టం పంచుకోబడుతుంది గాని, హాలు యజమాని సోమవారమే బొమ్మ ఎత్తివేస్తాడు. 2025 మే నెలలో ఉభయ రాష్ట్రాల ఎగ్జిబిటర్లు వాటా పద్ధతే కావాలని, లేకుంటే జూన్ 1 నుంచి హాళ్ళు మూస్తామని అన్నప్పుడు పత్రికలన్నీ పెద్ద తారల చిత్రాల గతి ఏమిటని వాపోయినవి. దయ్యం బొమ్మ నోటిమాట మీద బతికే సరుకు. దానికి ఇద్దరి పేచీ కంటె రెండవ వారం ముఖ్యం. ఆ రెండవ వారం ఎవరు ఇప్పించగలరన్నదే పంపిణీదారుణ్ణి ఎన్నుకోవడంలో మొదటి ప్రశ్న.

రెండవ ప్రశ్న మరింత లోతైనది. దానికి అమెరికాలో జరిగిన కథ ఒకటి చెప్పక తప్పదు. పిట్స్‌బర్గు నగరంలో ప్రకటనల చిత్రాలు తీసుకునే యువకులు, జార్జి రొమేరో దర్శకుడుగా, సుమారు లక్షా పద్నాలుగు వేల డాలర్లతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశారు. చచ్చినవాళ్ళు లేచివచ్చి బ్రతికినవాళ్ళను తినే కథ. నాయకుడు ఒక నీగ్రో జాతి యువకుడు. డ్యువేన్ జోన్స్ ఆ పాత్ర ధరించాడు. రాత్రంతా దయ్యాలతో పోరాడి బ్రతికిన అతణ్ణి, తెల్లవారాక తుపాకులు పట్టుకుని వచ్చిన తెల్లవాళ్ళు చచ్చినవాడని భ్రమించి కాల్చివేస్తారు. అమెరికన్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఆ ముగింపు మార్చి నాయకుణ్ణి బ్రతికించమన్నది. రొమేరో ఒప్పుకోలేదు. కొలంబియా కంపెనీ కూడా కాదన్నది. చివరకు వాల్టర్ రీడ్ సంస్థ ముగింపు ముట్టుకోకుండా 1968లో విడుదల చేసింది. ఆ ఒక్క ముగింపు లేకపోతే ఆ చిత్రాన్ని ఈనాడు మనం తలుచుకోవలసిన అవసరమే ఉండేది కాదు. భయం దయ్యాలనుండి సమాజంమీదికి మళ్ళేది అక్కడనే.

అయితే ఆ సంస్థే చిత్రం పేరు మార్చింది. పాత పేరు 'నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్'. హక్కుల ప్రకటన ఆ పాత పేరున్న ఫలకం మీదనే ఉన్నది. కొత్త ఫలకం మీద దానిని వేయడం మరచిపోయారు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ప్రకటన లేకపోతే హక్కు లేదు. కోట్లు సంపాదించగల చిత్రం విడుదలనాడే ఊరుమ్మడి సొత్తయింది. ముగింపును కాపాడినవాడే సొత్తును పోగొట్టాడు. మంచి పంపిణీదారుడు, చెడ్డ పంపిణీదారుడు అని తేలికగా విడదీసేవారు ఈ సంగతి ఆలోచించాలి. ఇక 1974లో వచ్చిన 'ది టెక్సాస్ చైన్ సా మేసకర్' సంగతి వేరు: అక్కడ పంపిణీ సంస్థ బ్రయన్‌స్టన్ వెనుక నేరస్థుల ముఠాలే ఉన్నాయి, తీసినవారికి చేరింది అత్యల్పం.

మన దేశపు చట్టం అంత క్రూరం కాదు. ఇక్కడ హక్కు పుట్టడానికి ఫలకం అక్కరలేదు. కాని కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం పత్రంలో గడువు రాయకపోతే హక్కు అప్పగింత ఐదేళ్ళదని, ప్రాంతం రాయకపోతే భారతదేశమంతటికీ అని భావిస్తారు. నైజాం మాత్రమే ఇస్తున్నానని మనసులో అనుకుని కాగితం మీద రాయనివాడు దేశమంతా ఇచ్చినట్టే.

తెలుగులో ఇటీవలి రెండు ఉదాహరణలు చూద్దాం. 'మా ఊరి పొలిమేర' 2021 డిసెంబరులో హాలు ముఖం చూడకుండా నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. జనం ఇళ్ళలో చూసి, ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ నోటిమాట బలంతో 2023 నవంబరులో రెండవ భాగం హాళ్ళకెక్కింది. 'మసూద' దారి వేరు: 2022 నవంబరులో నైజాంలో పాతుకుపోయిన పెద్ద సంస్థ, శ్రీ వెంకటేశ్వర క్రియేషన్స్, దానిని విడుదల చేసింది. తారలు లేని చిత్రానికి హాళ్ళు దొరికాయి. పెద్దవాడి నీడలో చేరడం లొంగుబాటని నేను అనను. నీడ దొరకనివాడికి పొలిమేర దారి ఉన్నది. అయితే ఫోనులో చూసే భయం వేరు, చీకటి హాలులో పక్కవాడి ఊపిరి వింటూ భయపడడం వేరు. ఆ సామూహికతను వదులుకోవడం చిన్న నష్టం కాదు.

నా అభ్యంతరం కథల మీదనే. పొలిమేరలో చేతబడి నిజమన్నట్టే కథ నడుస్తుంది. బాణామతి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ప్రాంతం మనది. ఒక యువకుడు అనంతగిరిలో బాణామతి కథ తీసి, చివరకు మంత్రం ఏదీ లేదని, భూమి కోసం ఊరి పెద్ద చేసిన కుట్రేనని తేల్చాడనుకుందాం. పంపిణీదారుడు మొదట అడిగేది ఏమిటి? చివర దయ్యం నిజంగా కనిపించాలి, రెండవ భాగానికి తలుపు తెరిచి ఉండాలి. అతను దుర్మార్గుడు కానక్కరలేదు. అడ్వాన్సు ఎక్కడ తిరిగి వస్తుందో లెక్క చూసుకుంటున్నాడు. ఆ లెక్క మన గ్రామం మీద ఒక అబద్ధాన్ని స్థిరపరుస్తుంది. రక్తం పెంచమన్నా జాగ్రత్తపడాలి: 'ఎ' సర్టిఫికెట్ వచ్చిన బొమ్మను టెలివిజన్‌లో వేయరాదు, ఆ ఆదాయం పోతుంది.

కాబట్టి నన్ను అడిగితే, నైజాం ఒక్కటే, అదీ కొద్ది ఏళ్ళ గడువుతో, వికారాబాదు, తాండూరు వంటి ఊళ్ళ హాళ్ళతో నిత్య సంబంధం ఉన్నవాడికి కమిషన్ మీద ఇవ్వమంటాను. నగరం మల్టీప్లెక్సులో పది గంటల ఆట కంటె ఇక్కడ సాయంత్రం ఆట విలువైనది. వంద రూపాయల వరకు ఉన్న టికెట్టు మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుండి 5 శాతానికి దిగింది; చిన్న ఊరి హాలుకు అది కొంత ఊపిరి. డిజిటల్, టెలివిజన్ హక్కులు నిర్మాత దగ్గరే ఉండాలి. హాలువారీగా రోజువారీ వసూలు పట్టీ చూసే హక్కు పత్రంలో రాయించుకోవాలి. చిత్రం పేరు, ముగింపు దర్శకుడి సంతకం లేకుండా మార్చరాదని మరొక వాక్యం ఉండాలి. ఆ వాక్యం చదివి కలం కింద పెట్టే పంపిణీదారులు కొందరుంటారు. వారు లేచి వెళ్ళాక, కూర్చున్నవారితో కమిషన్ శాతం గురించి మాట్లాడవచ్చును.