పురాణకథయు బడియాటయు

బాలురకు పురాణకథలను ఆటల మూలమున బోధింపవలెనను పద్ధతి మన పాఠశాలలలో వ్యాపించుచున్నది. బంతి విసరి, పట్టుకొన్నవానిని కథలోని తరువాతి ఘట్టమేదియని యడుగుదురు. బొమ్మల యట్టముక్కలను కలిపివైచి వరుసగా పేర్పింతురు. వేషములు వేయించి సంభాషణలు పలికింతురు. చేతులు కట్టుకొని వినుటకంటె నిది మేలే. అయినను మంచిదన్న పేరు వచ్చినదానినే మిక్కిలి శ్రద్ధతో పరీక్షింపవలెను.

ఇట్టి పరీక్షకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతము మిక్కిలి తగినది. ఆళ్లగడ్డకు తూర్పున నల్లమలలో అహోబిలమున్నది. నరసింహుడు వెలువడిన స్తంభమని భక్తులు నమ్ము ఉగ్రస్తంభ మచ్చటనే కలదు. ప్రహ్లాదబడి యను గుహయు నచ్చటనే యున్నది. అందలి రాతిగీతలను జూపి, ఇవి ప్రహ్లాదుడు దిద్దిన యక్షరములని యాత్రికులకు చెప్పుదురు. కనుమనాడు పారువేట మొదలై, స్వామి పల్లకి దాదాపు 40 దినములు చుట్టుప్రక్కల గ్రామములలో తిరుగును. కావున ఇచ్చటి బిడ్డకు ప్రహ్లాదకథ మొదట పుస్తకమున కనబడదు. అది తానే వీధిలోనికి వచ్చి పలుకరించును.

ఆటతో చదువు చెప్పుట పరదేశపు దిగుమతి యని కొందరాక్షేపింతురు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో శిశువులకు ఆటబడి పెట్టినమాట నిజమే; మన దేశముననే గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. అంతకు మున్నే, 1885లో కడప మండలమున పుట్టిన సురభి నాటకసమాజము పురాణకథలను పల్లెపల్లెకు కొనిపోయెను. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీయు భక్తప్రహ్లాదయే. కావున ఆట మనకు క్రొత్త కాదు. ఏ యాట యన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు కథయే యుత్తర మిచ్చుచున్నది. భాగవతము సప్తమస్కంధమున గురువులైన చండామార్కులు లేని వేళ తోడిబాలురు ప్రహ్లాదుని ఆటకు పిలుతురు. అతడు వారిని చేరబిలిచి తన మనసులోని మాట చెప్పును. వారు ఆటవస్తువులను విడిచి విందురు. దీనిని జూపి ఆటకంటె బోధయే గొప్పదని వాదింపవచ్చును. కాని గురువుల బోధ చదువువేళ జరిగినను ప్రహ్లాదుని మనసున నాటలేదు. ప్రహ్లాదుని మాట ఆటవేళ చెప్పినదైనను బాలుర మనసులకెక్కినది. తరతమ భేదము ఆటకును పాఠమునకును గాదు; భయమునకును స్నేహమునకును.

ఈ కొలతతో జూచినచో నేటి యాటలలో మూడు లోపములు కనబడును.

మొదటిది బహుమానము. త్వరగా బదులు చెప్పినవానికి మార్కులిచ్చు ఆటలో గెలుచునది జ్ఞాపకశక్తియే. గురువు కోరిన జవాబు చెప్పనొల్లనివాడు ప్రహ్లాదుడు. అట్టివాని కథను, గురువు కోరిన జవాబొక్కటే చెల్లు ఆటగా మార్చుట విపరీతము కాదా?

రెండవది రాక్షసవేషము. అది తరచుగా నల్లనివానికో, వెనుకబెంచీవానికో, ఊరి చివరి యింటివానికో దక్కును. ఆట ముగిసినను పేరు ముగియదు. విరామవేళలో వానిని హిరణ్యకశిపుడనియే పిలుతురు. కులభేదమును తొలగింపవలసిన బడి, కథ పేరిట దానికి క్రొత్త తొడుగు వేయుట ఘోరము.

మూడవది సమ్మతి. తరగతిలో పలుమతముల బిడ్డలుందురు. పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాసంస్థలలో మతబోధ కూడదని రాజ్యాంగము 28వ అధికరణము చెప్పుచున్నది. మతములనుగూర్చి విద్యాదృష్టితో తెలుపుట నిషిద్ధము కాదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున ప్రభుత్వపాఠశాలలో కథను కథగా, సాహిత్యముగా నాడింపవచ్చును. ఆట నడుమ చేతులు జోడింపించి స్తోత్రము చెప్పింపరాదు. మిషను పాఠశాలలకు దీర్ఘచరిత్ర గల నంద్యాలలో మంచి సమరయుని కథ యాడించువారికిని ఈ న్యాయమే వర్తించును. అందును, గాయపడినవానిని చూచియు తొలగిపోయిన యాజకుని వేషము నిత్య మొకనికే యీయరాదు.

మరి మంచి యాట యెట్లుండవలెను? అందు గెలుపోటము లుండరాదు. వేషములు మారుచుండవలెను: నేడు తండ్రియైనవాడు రేపు కుమారుడు కావలెను. హిరణ్యకశిపుడైన బాలుడు కన్నులెఱ్ఱజేయుటతో సరిపుచ్చక, తన తమ్ముడు హిరణ్యాక్షుడు చంపబడిన దుఃఖమును తన మాటలలో చెప్పవలెను. బాలికలకు మూలనున్న వేషము లిచ్చి తృప్తిపడక, వారిని ప్రహ్లాదునిగను గురువుగను నిలుపవలెను. చెంచుబిడ్డ తరగతిలో నున్నచో ఉపాధ్యాయుడు కొంతసేపు శిష్యుడు కావలెను; చెంచులు తమ యాడుపడుచు చెంచులక్ష్మిని పెండ్లాడిన నరసింహుని బంధువుగా నెంచుదురు, వారి నోట కథ వేఱొక రుచిగా నుండును. తుదకు ప్రతి బిడ్డయు తన ప్రశ్న యొకటి యడుగవలెను. తండ్రి మాట వినకుండుట యెప్పుడు తప్పు, ఎప్పుడు ఒప్పు అని యొక బిడ్డ యడిగినచో, ఆ దినమున పాఠము ఫలించినట్లే.

ఇందు తలిదండ్రులకును పాలు కలదు. ఇంటికి వచ్చిన బిడ్డను నీకెన్ని మార్కులు వచ్చినవని గాక, నేడు నీవెవ్వడవైతివి, ఏమంటివి అని యడుగుడు. ఆ బిడ్డ చెప్పిన మాట మనకు నచ్చకపోయినను వినుడు. కుమారుని మాట విననొల్లని తండ్రి కథనే గదా మనము వారికి చెప్పుచున్నాము!