పిల్లి మాట, నాగవల్లి ఆట

జెర్రీ స్నానాల తొట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పాతబడ్డ బౌలింగ్ ఆలీ పైన ఉంటాడు. పని నుంచి ఇంటికి రాగానే పిల్లి బూతులు లంకించుకుంటుంది, కుక్క నువ్వు మంచివాడివేనని ఓదారుస్తుంది. మర్జాన్ సత్రాపీ దర్శకత్వంలో 2014లో సన్‌డాన్స్ ఉత్సవంలో మొదటిసారి ప్రదర్శించిన ‘ది వాయిసెస్’ సంగతిది. జెర్రీగా వేసిన ర్యాన్ రేనాల్డ్సే పిల్లికి స్కాట్లాండ్ యాసతో, కుక్కకి అమెరికా దక్షిణాది సాగదీతతో గొంతిచ్చాడు. అంటే ఆ ఇంట్లో జరిగే గొడవంతా ఒకే మనిషి గొంతులోనిది. ఇంతకన్నా తెలివైన నటుల ఎంపిక ఈమధ్య కాలంలో నేను చూడలేదు.

దీని పక్కన ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ (1993) పెట్టి చూడాలి. ఆ కథ మనకి 2005 నాటి తమిళ ‘చంద్రముఖి’ డబ్బింగుతో తెలుసు. అంతకు ముందే కన్నడ ‘ఆప్తమిత్ర’లో నర్తకి ఆత్మ ఆవహించిందనుకునే ఇల్లాలు గంగ పాత్ర సౌందర్య వేశారు, సినిమా విడుదల కాకముందే కన్నుమూశారు. (అన్నట్టు, మలయాళ కథలో ఆవహించే నర్తకి నాగవల్లిది తంజావూరు. తమిళంలోకి వచ్చేసరికి ఆవిడ తెలుగావిడ అయింది. దెయ్యం ఎప్పుడూ పక్క రాష్ట్రం మనిషే!)

రెండింట్లోనూ నవ్వుంది, భయముంది, జబ్బుంది. తేడా అంతా నవ్వు ఎవరి మీద అన్న దగ్గర వస్తుంది. సత్రాపీ మనల్ని జెర్రీ బుర్రలో కూర్చోబెట్టి నవ్విస్తుంది. గులాబీ రంగు యూనిఫారాలు, శుభ్రమైన గది, ఫ్రిజ్‌లోంచి చక్కగా కబుర్లు చెప్పే, అతను చంపిన మనిషి తెగిన తల. మనం కూడా ఆ కబుర్లకి అలవాటు పడతాం. ఒక రాత్రి అతను డాక్టరిచ్చిన మాత్ర వేసుకుంటాడు. పిల్లి మాట్లాడదు. కుక్క మాట్లాడదు. గదినిండా చెత్త, జంతువుల మలం, ఎండిన నెత్తురు, ఫ్రిజ్‌లో కుళ్లుతున్న తల. ఆ ఒంటరితనం భరించలేక మాత్రలు పారేస్తాడు. మందులెందుకు మానేస్తాడురా వీడు అని తల పట్టుకునే ఇంటివాళ్లకి, ఏ కరపత్రమూ చెప్పలేని జవాబు ఈ సన్నివేశంలో ఉంది. జబ్బు అతనికి తోడు. మందు ఆ తోడుని తీసేస్తుంది, బదులుగా ఇచ్చేది ఏమీ లేదు.

ఇంత లోతుకి వెళ్లిన సినిమా మళ్లీ పాత గోతిలోనే పడింది. గొంతులు వినపడేవాడు హంతకుడే అవ్వాలా? అలాంటి జబ్బున్నవాళ్లు ఎదుటివాళ్లని హింసించడం కన్నా తామే హింసకి గురవడం ఎక్కువ. ఆ సంగతికి ఈ కథలో చోటు లేదు.

ఫాజిల్ దారి వేరు. గంగ జబ్బు మీద ఒక్క జోకు కూడా లేదు. నవ్వంతా మంత్రాలకీ తాళాలకీ వణికే చుట్టాల మీదే. గంగగా వేసిన శోభన కళ్లు పెద్దవి చేసి భర్త ముందు గొంతు మార్చేచోట హాలు నిశ్శబ్దమైపోతుంది. జాతీయ అవార్డు ఊరికే రాలేదు. గంగ చిన్నప్పుడు తల్లిదండ్రులు కలకత్తాలో, పిల్ల అమ్మమ్మ దగ్గర. ఆ బాల్యాన్ని కూడా సినిమా జాగ్రత్తగానే చెప్పింది.

కానీ ఈ గౌరవం యజమానురాలికి మాత్రమే. పొడినేల మీద నీళ్లున్నాయనుకుని గెంతుతూ నడిచే కాట్టుపరంబన్‌కీ మతి చెదిరింది. అతన్ని చూసి మనం పడీపడీ నవ్వుతాం. పెద్దింటి కోడలికి వస్తే వేదన, పేదవాడికి వస్తే హాస్యం. ఇంకా దారుణం శ్రీదేవి విషయం. జాతక దోషమంటూ పెళ్లి ఆగిపోయిన ఆ అమ్మాయి మీదికి డాక్టర్ సన్నీ (మోహన్‌లాల్) కావాలనే అనుమానం మళ్లిస్తాడు. ఆమెకి పిచ్చని అందరూ నమ్ముతారు, గదిలో పెట్టి తాళం వేస్తారు. గంగ పేరు బయటికి రాకూడదు కాబట్టి. పిచ్చి అన్న ముద్ర ఎంత బరువో తెలిసిన వైద్యుడే దాన్ని ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తిన పెట్టాడు. మోహన్‌లాల్ చిరునవ్వులో మనం ఆ సంగతి గమనించం.

వైద్యం సంగతి చెప్పక్కర్లేదు. తిరిగే పలక, దాని కింద మనిషి బదులు బొమ్మ, ఒక్క కత్తివేటుతో గంగ జబ్బు మాయం. నాటకంగా అద్భుతం, వైద్యంగా మంత్రగాడి పనికి ఒక్క మెట్టు పైన. సత్రాపీ ఆ మాత్రం అబద్ధం కూడా ఆడదు. జెర్రీ పొగలో చచ్చిపోతాడు, తర్వాత తెల్లటి శూన్యంలో తను చంపినవాళ్లతో, ఏసుక్రీస్తుతో కలిసి డాన్సు చేస్తాడు. చాలామందికి అది ఎబ్బెట్టుగా అనిపించింది. నాకు మాత్రం ఆ సినిమాలో అతి నిజాయితీ ఉన్న ముక్క అదే: బతికుండగా అతనికి దొరకని క్షమని, సినిమా తీసేవాళ్లు పాట కట్టి ఇవ్వడం తప్ప ఇంకేం చేయగలరు? ఫాజిల్ లెక్కలు మాత్రం శుభ్రంగా తేలాయి. గంగ భర్తతో వెళ్లిపోతుంది, శ్రీదేవిని అడగడానికి అమ్మానాన్నలతో వస్తానని సన్నీ మాటిస్తాడు. తాళం వేసినందుకు క్షమాపణ అడగాల్సిన చోట పెళ్లి మాట వచ్చింది, మనం చప్పట్లు కొట్టాం.