పలకపై గళ్ళు, ప్లాటినముపై ద్వీపములు

మార్కాపురపు పలకపై గళ్ళు గీసి, గడికొక చింతగింజ నుంచినచో, లోహతలముపై అణువులు అంటుకొను విధమును, అనగా అధిశోషణమును, విద్యార్థులకు సులువుగా చూపవచ్చును. అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1916-18 నడుమ వేసిన చిత్రమిదియే. గళ్ళన్నియు సమానములు, గడికొక అణువే, ప్రక్క గడి నిండినను నిండకున్నను అణువునకు పట్టింపు లేదు. ఈ ఊహలను మన పాఠములు కంటితో చూచిన సత్యములవలె చెప్పుచున్నవి. నా అభ్యంతరమంతయు దానిపైననే. లాంగ్‌మ్యూరే 1918లో భిన్నస్థానములు గల తలములను వేరుగా చర్చించెను.

మూడవ ఊహను పరీక్షింతము. తిరునాళ్ళకు వచ్చిన జనము మైదానమంతట సమముగా పరచుకొని నిలువరు. ఏ ఊరివారు ఆ ఊరివారితో గుంపు గూడుదురు. ప్లాటినముపై ఆక్సిజన్ పరమాణువులును పరస్పరాకర్షణచే అట్లే ద్వీపములగును. 1997లో బెర్లిన్‌లో వింటర్లిన్, ఎర్టల్ ప్రభృతులు స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో దీనిని చూచిరి. కార్బన్ మోనాక్సైడును పంపగా, చర్య ద్వీపముల నడుమ గాక అంచుల వెంట సాగెను. పదునారు గింజలను నాలుగేసి చొప్పున నాలుగు వరుసలుగా చేర్చి చూడుడు. అంచున నుండునవి పన్నెండే. లోపలి నాలుగింటిని వెలుపలివారు తాకలేరు. విడివిడిగా చల్లినచో పదునారును అందును. కావున ఎన్ని గళ్ళు నిండినవో తెలిసిన చాలదు, ఎట్లు నిండినవో కూడ తెలియవలెను.

ఇది ప్లాటినముతో ముగియు ముచ్చట కాదు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు 1937లోనే లోకమునకు తెలిపిరి. ఆ ఫ్లోరైడును తీయు క్రియాశీల అల్యూమినా లోహము కాదు గాని, దాని పనియు అధిశోషణమే. స్వేదనజలములో ఫ్లోరైడు కలిపి పరీక్షించి, బిందువులు లాంగ్‌మ్యూర్ రేఖపై పడగానే "తలము ఏకరూపము, పొర ఒక్కటే" యని తీర్పు వ్రాయుట మన ప్రయోగశాలలలో పరిపాటియైనది. రేఖ కుదిరినంతనే ఊహ నిజము కాదు. వేరు ఊహలనుండియు అట్టి రేఖ రావచ్చును. పైగా బావినీటిలో బైకార్బొనేటు, సిలికేటులును అవే స్థానములకై పోటీపడును. స్వేదనజలపు లెక్కను నమ్మి వడపోత అమర్చినచో, అది అనుకొన్నదానికంటె ముందే అలసిపోవును. నీరు మాత్రము తేటగనే కనబడును!

ఉపాధ్యాయులారా, చింతగింజలను విడువనక్కరలేదు. అవి ఊహలని చెప్పుడు. పిమ్మట ఊరి బావినీటినే తెప్పించి, వడపోతకు ముందును పిమ్మటను ఫ్లోరైడును కొలిపించుడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటెనా లేదా యని చెప్పవలసినది ఆ కొలతయే గాని, గీతకాగితముపై రేఖ కాదు.