ఇద్దరు పిసినారులు, ఒక కోట

దూలానికి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే లక్ష్మీపతిని తెలుగువాళ్లకు కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. 1987లో వచ్చిన జంధ్యాల ‘అహ నా పెళ్లంట’ పేరెత్తితే చాలు, ముందు గుర్తొచ్చేది ఆ భోజనమే. ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది. ఒక్కసారి నవ్వు ఆపుకుని, ఆ నవ్వును కోట శ్రీనివాసరావు ఎలా తయారు చేశారో చూస్తే వేరే సంగతి తెలుస్తుంది.

చూపు కోడి మీద, ముద్ద నోట్లో. నమిలేటప్పుడు ఆ ముఖంలో వేళాకోళం వెతికినా దొరకదు. ఉన్నదల్లా కోడికూరతో అన్నం తింటున్నవాడి తృప్తి. తాను చేస్తున్నది వింత అని లక్ష్మీపతికి తెలియదు. తెలిసినట్టు కోట కంటికొసన ఒక్క మెరుపు చూపించినా సన్నివేశం కుప్పకూలేది. బట్ట అరిగిపోతుందని న్యూస్‌పేపరు చుట్టుకున్నప్పుడు కూడా ఆ నడకలో సిగ్గు లేదు, మంచి పంచె కట్టుకున్న గృహస్థు నిబ్బరం ఉంది. మరి నవ్వెక్కడ పేలుతుంది? పక్కనున్న బ్రహ్మానందం ముఖంలో. అరగుండుగా ఆయన మింగలేక కక్కలేక పడే బాధ మన తరఫున పడేది. కోట బిగిస్తారు, బ్రహ్మానందం వదులుతారు. బిగించేవాడి పనికి చప్పట్లు తక్కువగా రావడం మామూలే. కానీ ఆ బిగింపు సరిగా లేకపోతే రెండోవాడికి వదలడానికి ఏమీ మిగలదు.

పదిహేడేళ్ల తర్వాత, 2004లో, చంద్రసిద్ధార్థ ‘ఆ నలుగురు’లో కోట మళ్లీ పిసినారి. ఎదురుగా, రఘురామయ్యగా, మళ్లీ ‘అహ నా పెళ్లంట’ హీరో రాజేంద్రప్రసాదే. పేరు కోటయ్య, వృత్తి వడ్డీ వ్యాపారం. పాత లక్ష్మీపతిని అటక మీంచి దించి దుమ్ము దులిపితే సరిపోయేది, జనం నవ్వేవాళ్లు కూడా. కోట ఆ దారి పట్టలేదు. లక్ష్మీపతి పిసినారితనం ఆనందం నుంచి పుట్టింది. రూపాయి మిగిలితే ఆ కళ్లు వెలుగుతాయి. కోటయ్యది అలవాటు నుంచి వచ్చింది, అందులో వెలుగు లేదు. అందుకే మొదటివాడి మాట చురుగ్గా దూకితే, రెండోవాడి మాట కొంచెం వెనక్కి లాగుతూ వస్తుంది. ఆ బరువు ముందే పెట్టి ఉంచారు గనక, రఘురామయ్య పోయాక కోటయ్యలో వచ్చే మార్పు ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపించదు. మొదటి సగంలోనే దానికి పునాది పడింది. ఆ పాత్రకు నంది అవార్డు ఇచ్చినవాళ్లు చూసింది చివరి కన్నీళ్లనే అయితే సగమే చూసినట్టు.

ఒకే మనిషి పలు మనుషులుగా కనపడటానికి ప్రపంచంలో రకరకాల దారులున్నాయి. బ్రిటిష్ నటుడు అలెక్ గిన్నెస్ 1949లో ‘కైండ్ హార్ట్స్ అండ్ కరోనెట్స్’ అనే ఒక్క చిత్రంలోనే ఒక కుటుంబంలోని ఎనిమిది మందిగా కనిపించారు. విగ్గు, మీసం, ఆడవేషం అన్నీ వాడి తనను తాను మాయం చేసుకున్నారు. కోటకు మాయమయ్యే అవకాశం తక్కువ. ఆ వెడల్పాటి ముఖాన్ని, బరువైన కనురెప్పల్ని 750కి పైగా సినిమాల్లో జనం గుర్తుపడుతూనే ఉన్నారు. విగ్గులు, వేషాలు ఆయనకూ ఉన్నాయి గానీ అసలు మార్పు అక్కడ లేదు, మాటలో ఉంది.

ఆ మాట నాటకాల్లో పదును తేలింది. కృష్ణా జిల్లా కంకిపాడులో 1942 జూలై 10న పుట్టిన కోట, స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఏళ్ల తరబడి రంగస్థలం మీద ఉన్నారు. సి.ఎస్. రావు నాటకం ‘ప్రాణం ఖరీదు’లో వేషం వేశారు, 1978లో అదే సినిమా అయినప్పుడు తెర మీదికి వచ్చారు. చిరంజీవి నటించిన చిత్రాల్లో మొదట విడుదలైనదీ అదే. చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా గుసగుస వినపడాలన్నది నాటకం నేర్పే పాఠం. బ్యాంకు కౌంటరు ఇంకో పాఠం నేర్పి ఉంటుందనిపిస్తుంది. డబ్బు దగ్గర మనిషి గొంతు ఎన్ని రకాలుగా మారుతుందో రోజూ ఉచితంగా వినే చోటు మరొకటి లేదు.

1985లో టి. కృష్ణ ‘ప్రతిఘటన’లో మంత్రి వేషం. కృష్ణా జిల్లా మనిషి తెలంగాణ మాట పట్టుకున్నారు. పదాల్ని అరువు తెచ్చుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. మాటకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, వాక్యం చివర గొంతు ఎటు ఒరగాలి, ఏ అక్షరాన్ని నొక్కాలి అన్నదే కష్టం. కోట వాటి దగ్గరే ఎక్కువ శ్రద్ధ పెట్టారు. ఫలితంగా బెదిరింపు కూడా అరుగు మీద ముచ్చటలా వినిపిస్తుంది, భయం అక్కడే పుడుతుంది. తెలంగాణ మాటను దశాబ్దాల పాటు విలన్లకూ హాస్యగాళ్లకూ అంటగట్టారన్న ఫిర్యాదు ఉంది. అది న్యాయమైనదే. ఆ తప్పు పాత్రలు పంచినవాళ్లది. ఆ మాటను వెక్కిరించకుండా, దాని నడకను గౌరవించి పలికిన కొద్దిమందిలో కోట ఉన్నారన్నది నా లెక్క. 1998 ‘గణేష్’లోని ఆరోగ్య శాఖ మంత్రిని ఈ మొదటి మంత్రి పక్కన పెట్టి వినండి. యాస ఒకటే, మనుషులు ఇద్దరు.

కొన్నిసార్లు ఒక్క పదం చాలింది. రామ్‌గోపాల్ వర్మ ‘గాయం’లో రాజకీయ నాయకుడు ఏ సంగతి వచ్చినా ‘ఖండిస్తున్నా’ అంటాడు. పత్రికా ప్రకటనల్లో చచ్చిపోయిన మాట అది. కోట దానికి కోపం ఎక్కించలేదు, ఆవేశం కలపలేదు. టీ చల్లారిందన్నంత మామూలుగా అనేశారు. ఆ మామూలుతనమే పాత్రంతటినీ విప్పి చూపించింది.

ఈ మాటలు తెర మీద అతుక్కునే పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. షూటింగులో రికార్డయ్యేది పైలట్ ట్రాక్, ఆనవాలు కోసం. అసలు గొంతు తర్వాత డబ్బింగ్ థియేటర్లో పడుతుంది. చెవులకు హెడ్‌ఫోన్స్, ఎదురుగా తెర మీద తన పెదాలే. సెట్ లేదు, ఎదుటి నటుడు లేడు, ఆ రోజు మూడ్ లేదు. పెదవి కదిలిన చోట అక్షరం పడాలి, ఊపిరి కూడా కుదరాలి. నాటకం నుంచి వచ్చిన నటుడు ఇక్కడ ఇబ్బంది పడొచ్చు, స్టేజీ మీద నిడివి తన చేతిలో ఉంటుంది గనక. ఒకసారి తీసేసిన నిడివిలోకే మళ్లీ ప్రాణం పొయ్యడం కోటకు పట్టుబడింది.

హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేట వెళ్లే దారిలో సారథి స్టూడియోస్ ఉంది. పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లోనే ఇక్కడ వెలిసిన పాత స్టూడియో. ఇటు తిరిగితే కృష్ణానగర్, వేషాల కోసం ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల అడ్డా. అక్కడి టీకొట్ల దగ్గర కుర్రాళ్లు విలనీ చేసి చూపించడం ఎప్పుడూ చూసేదే. కనుబొమ్మ లేస్తుంది, గొంతు లేస్తుంది. కోటలో నేర్చుకోవాల్సింది దానికి సరిగ్గా ఎదురు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఏం చేస్తున్నారో గమనించాలి. బాబూమోహన్‌తో ‘మామగారు’ (1991) నుంచి జనం జంటగా అలవాటు పడ్డ సన్నివేశాల్లో అందరికీ తన్నులే గుర్తుంటాయి. తన్నుకు ముందు కోట వినే తీరు చూడండి. ఓపిగ్గా, దాదాపు ప్రేమగా వింటారు. ఆ వినడం ఎంత పొడుగైతే తన్ను అంత బాగా పేలుతుంది.

2003లో తమిళ ‘సామి’ ఈ పనిముట్లలో పెద్దదాన్ని, మాటను, లాక్కుంది. అందులో ఆయన వేసిన విలన్ పెరుమాళ్ పిచ్చైది తిరునెల్వేలి. తెలంగాణ యాస, కృష్ణా యాస, ఏదీ అక్కరకు రాదు. అయినా తమిళులు ఆయన్ని పిలిచి పిలిచి విలన్‌ను చేశారు. 2005 ఒక్క ఏడాదిలోనే తమిళ ‘తిరుప్పాచ్చి’, హిందీ ‘సర్కార్’, తెలుగు ‘అతడు’ వచ్చాయి. ఒక రౌడీ, ఒక దక్షిణాది డాన్, ఒక రాజకీయ నాయకుడు. వరసగా చూస్తే ఒకటి తడుతుంది. మాట మీద పట్టు లేని చోట కోట కదలికలు పెంచలేదు, తగ్గించారు. మెడ తిరగడానికి ముందు కళ్లు తిరుగుతాయి, రెప్ప సగం దాకా వచ్చి ఆగుతుంది. కొత్త భాషలో అడుగుపెట్టిన నటులు చాలామంది చేతులతో ఆ వెలితి పూడ్చుకుంటారు. ఈయన చేతులు అలాగే ఉండిపోతాయి.