ఏది నీ గీత?

ఈ వారం ఒక కాలేజీలో డిజైన్ విద్యార్థుల ప్రదర్శనకు వెళ్లాను. మూడో ఏడు చదివే ఒకమ్మాయి పనుల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఓ పక్క పేదరాశి పెద్దమ్మ కథకు రంగుల బొమ్మలు. ఇంకో పక్క పచ్చళ్ల వ్యాపారానికి లోగో, సీసా లేబుళ్లు, అట్టపెట్టె. కింద, పల్లెవెలుగు బస్సులో ఓ ముసలమ్మ ప్రయాణం, ఒక్క మాటైనా లేకుండా బొమ్మల్లోనే. అన్నీ బాగున్నాయి. కానీ ముగ్గురు మనుషులు వేసినట్టున్నాయి. "ఇందులో నీ గీత ఏదమ్మా?" అని నా పక్కనున్న పెద్దాయన అడిగారు. ఆ పిల్ల తల వంచుకుంది.

గీత చూడగానే మనిషి తెలియాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. రాసినప్పుడల్లా చిత్రకారుడు బాపు పేరే చెప్పాను. సంతకం మూసేసినా ఆయన బొమ్మను మనం పోల్చుకుంటాం.

అయితే ఆ గీత ఎక్కడ తయారైంది? బాపు 1955లో లా పట్టా పుచ్చుకున్నారు. ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు, ప్రకటనల సంస్థలో పనిచేశారు, లెక్కలేనన్ని ముఖచిత్రాలు వేశారు, 1967లో 'సాక్షి'తో సినిమాల్లోకి వెళ్లారు. అప్పట్లో పత్రిక బొమ్మ జింకు బ్లాకుగా మారి నాసిరకం కాగితం మీద పడేది. మరీ సన్నగీత తెగిపోయేది, దగ్గరదగ్గర గీతలు సిరా పట్టి ముద్దయ్యేవి. కాబట్టి కన్ను, జడ, చీర కుచ్చిళ్లు నాలుగు గీతల్లోనే పలకాలి. ముఖచిత్రం అలా కాదు, దారినపోయేవాణ్ణి పుస్తకాల కొట్టు ముందు నిలబెట్టాలి. సినిమాలో బొమ్మ వెంట ఇంకో బొమ్మ వస్తుంది. ఒక్కో పనీ ఆయన చేతి నుంచి ఒక్కో అనవసరాన్ని తీసేసిందనే నా నమ్మకం. అలా మిగిలిందే మనం బాపు గీత అంటున్నది.

అందుకని ఆ అమ్మాయిని ఇప్పుడే ఒక్కటి ఎంచుకోమనను. ఇంకో పదేళ్లు అన్నీ చెయ్యనీ.

ఆమె వేసిన పచ్చడి లేబుల్ దగ్గర మాత్రం రాజీపడను. ఇంగ్లిష్ పేరును ముచ్చటగా చేత్తో రాసి, తెలుగు పేరును కంప్యూటర్ ఫాంటులో కొట్టి అడ్డంగా సాగదీసింది. 'పండుమిర్చి'లో చివరి అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. దానికి ఎత్తు కావాలి. ఇంగ్లిష్‌కు కొలిచిన పట్టీలో అదిమితే ఊపిరాడదు. ముందు తెలుగు పేరు చేత్తో రాసి, దాన్నిబట్టి లేబుల్ కొలత తీసుకోమని చెప్పి వచ్చాను.