ఒక కథలో ఇద్దరు లక్ష్ములా?

‘మిస్సమ్మ’ (1955) చివర్లో మేరీకి ఓ సంగతి తెలుస్తుంది: తాను జమీందారు గారి తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి. చెల్లెలు సీత. 67 ఏళ్ల తర్వాత ‘సీతారామం’లో నూర్జహాన్ అనే రాకుమారి, ఎవరూ లేని ఒక సైనికుడికి ఉత్తరాలు రాస్తూ, ఆ అక్కాచెల్లెళ్ల పేర్లు రెండూ కలిపినట్టు సీతామహాలక్ష్మి అని సంతకం పెడుతుంది.

రెండు సినిమాలూ నాకిష్టమే. అయినా ఓ అనుమానం. మరో మతం పిల్లను మనసారా మన ఇంటి పిల్ల అనుకోవడానికి మనకు ఈ పేరు ఆసరా కావాలా? సావిత్రిని జనం ప్రేమించింది మేరీగానే. ఆ విసుగూ, ఆ మాట తెగువా, అప్పు పేరుతో వెంటపడే డేవిడ్‌ను చూస్తే వచ్చే మంటా... మహాలక్ష్మి అయ్యేసరికి సినిమా అయిపోతుంది.

మధ్యలో విశ్వనాథ్ ‘సీతామాలక్ష్మి’ (1978), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) నాయికలు కూడా ఆ పేరువాళ్లే. ఎన్ని వచ్చినా తెర మీద లక్ష్మి ఒక్కతే ఉంటుంది. ఒక కథలో ఒకే పేరు ఇద్దరికి పెట్టకూడదని రాసేవాళ్ల కట్టుబాటు.

గడ్డపోతారం పారిశ్రామికవాడలో ఆ కట్టుబాటు చెల్లదు. షిఫ్టు వదిలే వేళ మందుల కంపెనీ గేటు ముందు నిలబడి ‘లక్ష్మీ’ అని కేకేస్తే ఒక్కరే తిరిగి చూడరు. అలాగని అక్కడ ఎవరూ తికమకపడరు. క్యాంటీన్ లక్ష్మి, ప్యాకింగ్ లక్ష్మి, జిన్నారం లచ్చక్క, ఒడిశా నుంచి వచ్చిన ఇంకో లక్ష్మి. పనో, ఊరో, ఒడ్డూ పొడుగో పేరుకు ముందు చేరుతుంది. హాజరు పుస్తకంలో మాత్రం పక్కన భర్త పేరు రాస్తారు. గేటు దగ్గరి పద్ధతే నాకు నచ్చుతుంది. ఇక ఆర్టీసీ బస్సెక్కితే, 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లందరికీ ఉచిత ప్రయాణపు ‘మహాలక్ష్మి’ జీరో టికెట్టే!

పనిని బట్టి పిలుచుకునే ఈ విద్య టీవీ ముందు కూర్చునేవాళ్లకు బాగా తెలుసు. ‘కార్తీకదీపం’లో ఆమె పేరు దీప. ఇళ్లల్లో మిగిలింది వంటలక్క. పేరు రచయిత పెట్టాడు గానీ, జనం ఆమెను ఆమె చేసే పనితోనే గుర్తుపెట్టుకున్నారు.

‘బలగం’ (2023)లో కొమురయ్య కూతురూ లక్ష్మే. నల్లిబొక్క కాడ మొదలైన పంచాయితీతో పుట్టింటి గడప తొక్కకుండా ఏళ్లు గడిపిన మనిషి. ఆ పేరు చూసి ఆమె గురించి ఏమీ చెప్పలేం, అదే దాని మేలు. వెన్నెల అనగానే (‘విరాటపర్వం’, ‘దసరా’ వరుసగా రెండేళ్లు ఆ పేరే పెట్టాయి) ఆ పిల్ల మీద ఎంతో కొంత కవిత్వం వాలిపోతుంది. లక్ష్మి మీద ఏదీ వాలదు. రాసేవాడు ఆమెను మొదటి నుంచీ కట్టుకు రావాలి.

నేనిప్పుడు రాస్తున్న కథలో ఒకే కాంట్రాక్టరు కింద ఇద్దరు లక్ష్ములున్నారు. ఒకామె ఓవర్‌టైం డబ్బులు రెండో ఆమె ఖాతాలో పడ్డాయి. ఆమె చెప్పలేదు, వాడేసింది కూడా. చదివిన మిత్రుడు ఒకామెకు సుజాత అని పెట్టమన్నాడు. పెడితే ఆ డబ్బులు ఎక్కడికీ పోవు, కథా ఉండదు.