చెట్టు పడుకునే వేళ

నాలుగేళ్ళ కిందట నాన్నకు పక్షవాతం వచ్చి నెలా పదిరోజులు ఆస్పత్రిలో ఉన్నారు. ఐసీయూలోకి సాయంత్రం అయిదింటికి ఒక్కసారి పంపేవాళ్ళు, పావుగంట. కళ్ళు తెరిచారా, కుడిచెయ్యి ఏమైనా కదిలిందా అని ఆ పావుగంటా చూసుకుని బయటికొచ్చి, ఆవరణలో పెద్ద చెట్టు కింద సిమెంటు అరుగు మీద కూలబడేదాన్ని. ఇంటికెళ్ళబుద్ధయ్యేది కాదు. అక్కడ కూర్చుని చేసేదీ ఏమీ లేదు.

అదే అరుగు మీద ఒక మామ్మగారు కూర్చునేవారు. ఆవిడ కొడుకు లోపల ఉన్నాడు. మూడో రోజో నాలుగో రోజో, నేను ఫోన్లో రిపోర్టుల ఫొటోలు పెద్దవి చేసి చూసుకుంటుంటే మోచెయ్యి తట్టి, "అమ్మాయ్, పైకి చూడు. చెట్టు పడుకుంటోంది" అన్నారు.

అది నిద్రగన్నేరు. ఆ పేరు చిన్నప్పటి నుంచీ వింటున్నాను, రోడ్ల పక్కన ఎన్నోసార్లు ఆ నీడలో నిలబడ్డాను. పడుకోవడం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఎదురెదురుగా ఉన్న చిట్టాకులు జతలు జతలుగా, పుస్తకం మూసినట్టు దగ్గరికొస్తున్నాయి. కదులుతున్నట్టు తెలియదు. కాసేపు చూపు తిప్పుకుని మళ్ళీ చూస్తే ఇందాకటి చెట్టు కాదు. మధ్యాహ్నం ఎండ దిగనివ్వని గొడుగు, ఆరున్నరయ్యేసరికి జల్లెడైపోయింది. చీకటి పడేకొద్దీ మాకు కొమ్మల మధ్య ఆకాశం ఎక్కువగా కనబడసాగింది. ఆ వారంలో నాకు ఆకలన్నది తెలిసింది ఆ సాయంత్రమే. ఇద్దరం లేచి వెళ్ళి ఇడ్లీ తిన్నాం.

ఆ చెట్టు ఎలా పడుకుంటుందో తర్వాత చదువుకున్నాను. ప్రతి చిట్టాకు మొదట్లోనూ చిన్న ఉబ్బు ఉంటుంది. పొద్దువాలే వేళకు ఆ ఉబ్బులో ఒక పక్క కణాల నుంచి పొటాషియం లవణాలూ, వాటి వెంటే నీరూ బయటికి పోతాయి. రెండో పక్క కణాలు నీరు పట్టి బిగుసుకుంటాయి. ఆకు, తలుపు మడతబందు మీద తిరిగినట్టు తిరిగి ముడుచుకుంటుంది. ఇదంతా వెలుతురు చూసి చేసే పని మాత్రమే కాదట. 1729లో డి మెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ముడుచుకునే ఆకులున్న అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ పొడ తగలకపోయినా అది వేళకు విచ్చుకుంది, వేళకు ముడుచుకుంది. అలాంటి గడియారం ప్రాణుల లోపల ఎలా నడుస్తుందో చిన్న ఈగల్లో కనిపెట్టినందుకు ముగ్గురు అమెరికన్లకు 2017లో నోబెల్ వచ్చింది. లోపల నాన్న మంచం మీద రాత్రీ పగలూ ఒకేలా వెలిగే తెల్లలైట్లు. బయట, వెలుతురు లేకపోయినా వేళ మరిచిపోని చెట్టు. ఆ రెంటి మధ్యా నెల గడిపాను.

నాన్న ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. సూర్యుడు దిగగానే డాబా ఎక్కి, లైటు వెయ్యకుండా, పూర్తిగా చీకటి పడేదాకా కూర్చోవడం. పని ఇంతే. మా నాయనమ్మ సందెవేళ పడుకోనిచ్చేది కాదు, తల దువ్వుకోనిచ్చేది కాదు, ఇల్లు ఊడవనిచ్చేది కాదు. అరిష్టమనేది. ఆ కారణం సంగతి నాకు తెలియదు గానీ, ఆ కట్టుబాట్లన్నీ కలిసి రోజులో ఒక అరగంటను ఏ పనికీ అందకుండా కాపాడాయని మాత్రం ఇప్పుడు అనిపిస్తోంది.

సూర్యాస్తమయం అనగానే అందరం పడమటికి తిరుగుతాం. నన్నడిగితే తూర్పుకు తిరగాలి. ఆకాశం తేటగా ఉన్న రోజున, సూర్యుడు దిగిన కాసేపటికి తూర్పు అంచున బూడిదనీలం రంగు పట్టీ ఒకటి లేస్తుంది. దాని మీద లేత గులాబీ రంగు పట్టీ. ఆ బూడిదనీలం మబ్బు కాదు, భూమి నీడ. మనం నిలబడ్డ ఈ భూమి నీడే గాలి మీద పడి కనబడుతోంది. చంద్రగ్రహణం నాడు చంద్రుడి మీద పడేదీ ఇదే నీడ. ఇరవై నిమిషాల్లోపే అది పైకి పాకి, రాత్రిలో కలిసిపోతుంది. గ్రహణమైతే ఊరంతా వీధిలోకొచ్చి చూస్తాం. ఇది రోజూ జరుగుతున్నా నలభై అయిదేళ్ళు నాకు కనబడలేదు.

డాబా మీద కుండీలో నాన్న వేసిన ఎర్ర ముద్దమందారం ఉంది. వెలుతురు తగ్గుతుంటే ముందు ఆరిపోయేది దాని ఎరుపే. పువ్వు నల్లబడిపోయాక కూడా ఆకులు కాసేపు తేటగా కనిపిస్తాయి. పగలు రంగులు చూపించే కణాలు కంట్లో వెనక్కి తగ్గి, మసక వెలుతురులో పనిచేసేవి ముందుకొస్తాయి, వాటికి ఎరుపు ఆనదు. రెండువందల ఏళ్ళ కిందట పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పూల రంగులు చూసే ఈ సంగతి గమనించాడు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిస్తే ఆ అలవాటు చాలావరకు చెడిపోతుంది.

అరగంట తర్వాత మాత్రం, కిందనుంచి చూసేవాళ్ళకు చీకటిగా కనబడే మా డాబా నాకు చీకటిగా ఉండదు. గోడ మీద పిల్లి, తీగ మీద ఆరేసిన తువ్వాలు, మర్రిచెట్టు వైపు నుంచి బయల్దేరిన పెద్ద గబ్బిలాలు, అన్నీ కనబడతాయి. గబ్బిలాన్ని చూస్తే నాకు కవి జాషువా 'గబ్బిలం' గుర్తొస్తుంది. 1941లో వచ్చిన ఆ కావ్యంలో, గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని కాశీకి పంపుతాడు. వినేవాళ్ళు లేనప్పుడు ఆ మనిషికి దొరికిన తోడు, సందెచీకట్లో రెక్క విప్పే ప్రాణి. ఆ ఊహలో ఎంత ఒంటరితనం ఉందో ఆ అరుగు మీద కూర్చోకముందు నాకు అర్థం కాలేదు.

సందెవేళ కూర్చుంటే కష్టం తగ్గుతుందని నేను చెప్పను. మా అప్పు అలాగే ఉండేది, నాన్న కుడిచెయ్యి అలాగే ఉండిపోయింది. మాట కూడా సరిగా తిరిగేది కాదు. కానీ రెండేళ్ళు రోజూ సాయంత్రం ఆయన్ని మెల్లగా డాబా ఎక్కించాను. గూళ్ళకు పోయే కొంగల వరసలు కనబడగానే ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచి లెక్కపెట్టేవారు. అయిదూ అయిపోతే నా చెయ్యి లాక్కుని నా వేళ్ళు మడిచేవారు. ఒకరోజు పదకొండు వరసలు వెళ్ళాయి. పదకొండోదానికి వేలు లేక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. నాన్న పోయి రెండేళ్ళవుతోంది. ఇప్పటికీ ఆయన గురించి తలచుకుంటే ముందు ఆ నవ్వే గుర్తొస్తుంది, ఆస్పత్రి మంచం కాదు.

మన ప్రాంతంలో సూర్యుడు దిగాక ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే అక్షరాలు ఆనే వెలుతురుంటుంది. గంటా పావుకు పూర్తి చీకటి. ఈ వారంలో ఒక్కరోజు ఆ వేళ ఫోన్ ఇంట్లో పెట్టి డాబా ఎక్కండి, తూర్పుకు తిరగండి. మీరూ ఏ ఆస్పత్రి ఆవరణలోనో కూర్చుని ఉంటే, తల మీద ఉన్న చెట్టేదో ఒకసారి చూడండి. నిద్రగన్నేరే అయితే, పక్కన కూర్చున్నవాళ్ళ మోచెయ్యి తట్టి చూపించండి.